గడప లోపలి చెంబు

నేను మాలూరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. సిలబస్ ఎన్నిసార్లు మారినా అందులో ఒక పాత నాటకం ఉండనే ఉంటుంది. ఆ నాటకంలో ఒక ఆడమనిషి ఏదో ఒక వస్తువును తీయడమో, పెట్టడమో, దాచడమో చేస్తుంది. నేను అక్కడ ఆగుతాను. పీరియడంతా అక్కడే ఆగుతాను. వెనక బెంచీలో ఎవరో ఆవులించి, "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?" అంటారు. ఇంకొకరు, "ఊరికే అక్కడ పెట్టింది మేడం, అంతే" అంటారు. ఆ "ఊరికే" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చేతిలో ఉన్న పుస్తకం బల్లమీద కొడతాను. స్టాఫ్ రూములో నాకు కోపిష్టిది అని పేరుంది. ఉండనీ.

ఊరికే ఎవరూ ఏదీ పెట్టరు. పాత నాటకాల్లో ఆడదానికి మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ మొగుడు అడిగినదానికి జవాబులు. ఆమె మనసులో ఏముందో చెప్పాలంటే వేరే దారి లేక, రాసినవాడు ఆమె చేతికి ఒక వస్తువు ఇస్తాడు. దాన్ని చూడనివాడు ఆ నాటకం చూడనట్టే. ఇది నాకు ఏ యూనివర్సిటీలోనూ ఎవరూ చెప్పలేదు. పదో తరగతి వరకు చదివిన మా అమ్మ చెప్పింది, పొయ్యి ముందు సంగటి కెలుకుతూ చెప్పింది. విన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వినవాళ్ళ మీద నా కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

అమ్మ కె.జి.ఎఫ్.లో, బంగారు గనుల ఊళ్ళో పుట్టింది. మా తాత గనుల ఆఫీసులో గుమాస్తా. అక్కడ తెలుగు బడి ఉండేది, అమ్మ అందులో చదువుకుంది. కన్నడ కూడా బాగా రాస్తుంది. నాయనది మాస్తి దగ్గర ఒక పల్లె, చదివింది కన్నడ బడిలో. పుట్టినప్పటినుంచీ ఇంట్లో తెలుగే మాట్లాడినా, పద్యం ఎత్తుకుంటే వీధంతా వినిపించేలా పాడినా, ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మా వైపు ఇది వింతేమీ కాదు. మా పల్లెల్లో పౌరాణిక నాటకాలు తెలుగులోనే ఆడతారు. కాని ఆ తెలుగును కన్నడ అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు.

నాయన కూడా గనుల ఆఫీసులోనే పనిచేశాడు. గనులు మూసేశాక మమ్మల్ని తీసుకుని సొంత పల్లెకు వచ్చేశాడు. మాలూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పని దొరికింది. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అంతకాలం సార్ అనిపించుకున్న మనిషి ఇక్కడ తనకంటే పదేళ్ళ చిన్నవాణ్ణి సార్ అనాల్సి వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. అన్నం దగ్గర కూర్చుని కంచంలోకి చూసేవాడు. అలాంటి మనిషికి, ఊరి జాతరకు ఆడే నాటకంలో రాజు వేషం ఖాళీగా ఉందని తెలిసిన రోజు ముఖం వెలిగిపోయింది. మనిషి ఎత్తు, గొంతు మంచిది, వేషం ఆయనకే ఇచ్చారు. నాకప్పుడు పదిహేనేళ్ళు. మా నాయన రాజు అని బడిలో అందరికీ చెప్పుకున్నాను.

ఆ నాటకం అచ్చులో లేదు, ఆ ఊరిదే. ఎవరు రాశారో తెలియదు. గుళ్ళో పెట్టెలో, అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకంలో, తెలుగు అక్షరాల్లో ఉండేది. కథ చిన్నది. ఒక రాజు వ్రతమని చెప్పి పన్నెండేళ్ళు అడవికి వెళ్తాడు. రాణి రాజ్యం చూసుకుంటూ ఉంటుంది. పన్నెండేళ్ళు అయ్యాక రాజు తిరిగి వస్తాడు గానీ, తిన్నగా ఇంటికి రాడు. పెళ్ళాం తనకోసం నిజంగానే కాచుకుని ఉందో లేదో చూడాలట. సన్యాసి వేషంలో గుమ్మం ముందు నిలబడి దాహం అంటాడు. నీళ్ళు తాగి, "నీ భర్త అడవిలో చనిపోయాడు, ఇంకెవరికోసం కాచుకుంటావు?" అంటాడు. రాణి పది పద్యాలు ఏడుస్తుంది. అప్పుడు ఈయన గడ్డం తీసేసి నేనే అంటాడు. ఆమె కాళ్ళమీద పడుతుంది. మంగళహారతి. పన్నెండేళ్ళు ఈయన ఎక్కడెక్కడ తిరిగాడో అడిగేవాడు లేడు, ఆయనకు ఏ పరీక్షా లేదు. పదిహేనేళ్ళ వయసులో నాకది తప్పుగా తోచలేదు. నేను విన్న కథలన్నీ అలాగే ఉండేవి.

పాత్రలు రాసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. నాటకం మొత్తం ఎవరి చేతికీ ఇవ్వరు. ఎవరి పాత్ర వారికి ఒక నోటు పుస్తకం. అందులో ముందు మాట్లాడేవాడి చివరి రెండు ముక్కలు, ఆ తర్వాత తన మాటలు, అంతే. అంతకుముందు రాసిపెట్టిన నోటు పుస్తకాలు చినిగిపోయాయి. వాటిని రాసిన ముసలాయన పోయాడు. ఆ పాత పుస్తకం చదవగలిగిన మనిషి ఊళ్ళో మిగల్లేదు. అప్పుడు నాయన, "మా ఇంట్లో వస్తాది ఆ అక్షరాలు" అని గొప్పగా చెప్పి ఆ పుస్తకం ఇంటికి తెచ్చాడు. మా ఇంట్లో అంటే మా అమ్మకు. మా వైపు మొగవాళ్ళు పెళ్ళాం పేరు ఎత్తడానికి సిగ్గుపడి ఇల్లంతటికీ ఆమె చదువు పంచిపెడతారు.

అమ్మ నెల రోజులు దాన్ని కన్నడ అక్షరాల్లోకి రాసింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక కూర్చుంటే సందె దీపం దాకా రాసేది. నేను పక్కన కూర్చుని పేజీలు పట్టుకునేదాన్ని. ఊరి ఆడవాళ్ళు నాటకంలో వేషం కట్టకూడదు, ప్రాక్టీసు ఇంటివైపు పోకూడదు, కాని ప్రాక్టీసుకు టీ మాత్రం పంపించాలి. ఆడ పాత్రకు వేరే ఊరినుంచి ఆర్టిస్టును పిలిపిస్తారు. ఆమె నోటు పుస్తకం ముందుగా బస్సులో పంపిస్తే, బట్టీపట్టుకుని నాటకం రోజు సాయంత్రం వచ్చి దిగుతుంది. ప్రాక్టీసులో ఆమె మాటలు హార్మోనియం మేష్టరు తనకు కంఠతా వచ్చు గనుక గొంతు సన్నం చేసి చెబుతాడు, మొగవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వుతారు. రాణి ఏడ్చే పది పద్యాలనూ నెలరోజులు అలా నవ్వుకుంటూనే ప్రాక్టీసు చేశారు. టీ చెంబు అరుగు మీద పెట్టి వస్తూ నేను విన్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ కలం ఆగింది. సన్యాసి దాహం అన్న తర్వాత, నీళ్ళు తాగే ముందు, పాత పుస్తకంలో ఒక చిన్న వాక్యం ఉంది. రాణి చెంబు తెచ్చి గడప లోపల పెట్టును. అమ్మ లేచి, దాంతోపాటు నాయన తెచ్చిన చినిగిన పాత నోటు పుస్తకాలు వెతికింది. వాటిలో ఆ వాక్యం ఎక్కడా లేదు. ముసలాయన వదిలేశాడు. అమ్మ మళ్ళీ మొదటినుంచి ఆ సీను చదివింది, పద్యాలన్నీ పెదాలు కదుపుతూ చదివింది. ఆ తర్వాత ఆరోజు ఇంక ఏమీ రాయలేదు.

రాత్రి నాయన అన్నానికి కూర్చున్నాడు.

"ఏమండి, మీరు దాహమంటారే, అప్పుడు రాణి నీళ్ళు యాడ ఇస్తాది?" అంది.

"యాడ ఇస్తే ఏమే? చేతికిస్తాది, తాగుతాను. ఇంగ పద్యం ఎత్తుకుంటాను."

"చేతికియ్యదు. గడప లోపల పెడతాది. రాసుండాది."

"సరే పెట్టనీ. ఐతే ఏమి?"

అమ్మ సంగటి కట్టె పక్కన పెట్టింది. "సన్యాసి వస్తే మనము నీళ్ళు యాడ ఇస్తాము? బయటనే నిలబెట్టి చేతికిస్తాము. ఆయప్ప గడప దాటడు, మనమూ రమ్మనము. మీరు బస్సు దిగి వస్తే చెంబు యాడ పెడతాను? గడప లోపల. ఇంటోనికైతేనే లోపల పెట్టేది. చూడంగానే ఆయమ్మకి తెలిసిపోయినాది, వచ్చినోడు మొగుడే అని."

నాయన నవ్వాడు. "తెలిస్తే ఇంగ ఆ ఏడుపు ఎందుకే?"

"సచ్చినాడని కాదండి ఏడ్చేది. ఆ పద్యాలు చూడండి, పదింట్లో ఒక్క దాంట్లోనూ సావు మాట లేదు. పన్నెండేండ్లు కాచుకోనుంటే, వచ్చి నా ముందర నిలబడి నన్నే పరీక్ష చేస్తావుండాడే అని. అది ఏడుపు కాదు, కోపం."

మా వైపు ఏ ఇంట్లో చూసినా నీళ్ళిచ్చే పద్ధతి అదే. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అమ్మ చెప్పేదాకా నాకూ తట్టలేదు. ఒక చెంబు జానెడు జరిగితే నాటకం తలకిందులవుతుంది. బయట చేతికిస్తే ఆమె మోసపోయిన అమాయకురాలు. లోపల పెడితే ఆమె అన్నీ తెలిసి, ఈయన ఎంతదూరం దిగజారతాడో చూస్తూ నిలబడిన మనిషి.

నాయన మరునాడు దాన్ని ప్రాక్టీసులో జోకుగా చెప్పాడు. ఊరంతా పాకింది. మా ఇంటి ముందు పోయే మొగవాళ్ళు, "ఏమక్కా, చెంబు యాడ పెట్టినావు?" అని అడిగి నవ్వేవాళ్ళు. మేష్టరు ఒకరోజు మా జగలి అరుగు మీద కూర్చుని, తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "తల్లీ, మీరు రాసే పని రాయండి. నీళ్ళు తాగే పని మేము చూసుకుంటాము" అన్నాడు. ఆయనకు మా ఇంటి మజ్జిగ కావలసివచ్చింది గానీ మా అమ్మ బుద్ధి అక్కర్లేకపోయింది. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నేనైతే ఆ మజ్జిగ ఆయన హార్మోనియంలో పోసేదాన్ని.

ఇంకొక సంగతి ఉంది. ఒకరోజు నాయన గడ్డం గీసుకుంటూ, అద్దంలోకి చూస్తూ, నవ్వకుండా అన్నాడు. "రాణికి ముందే తెలిస్తే, నేను జోకరు అయిపోతాను కదే." అంటే ఆయనకు అర్థమైంది. మొదటి రోజే అర్థమయ్యుంటుంది. అర్థం కానివాడు నవ్వితే క్షమించవచ్చు. తెలిసి నవ్వినవాడిని ఎట్లా క్షమించేది?

అమ్మ మళ్ళీ రాయడానికి కూర్చుంది. రాణి నోటు పుస్తకంలో ఆ వాక్యం రాసింది. రాజు నోటు పుస్తకంలో రాయలేదు. బస్సు కండక్టరు చేతికి రాణి పుస్తకం ఇచ్చి పంపించింది. ఆ రెండు పుస్తకాలూ చూసిన మనుషులం ఇద్దరమే, అమ్మా నేనూ.

నాటకం రోజు సాయంత్రం ఆర్టిస్టు బస్సు దిగింది. ఆమెకు మా ఇంట్లో వేషం వేసుకునే ఏర్పాటు చేశారు. మర్యాద అనుకునేరు. తలుపు ఉన్న పాయఖానా ఆ వీధిలో మాకే ఉండేది. ఆర్టిస్టు అమ్మ వయసు మనిషి, మోకాళ్ళు వాచి ఉన్నాయి, చేతిలో ఒక రేకు పెట్టె. నాయన ఆమె ముఖం చూడకుండా గోడతో మాట్లాడినట్టు, "ఏమమ్మా, వచ్చినారా" అని వెళ్ళిపోయాడు. రాత్రికి ఆమెతో మొగుడూ పెళ్ళాలుగా నిలబడి పాడాలి. పగలు ఆమె ముఖం చూస్తే పరువు పోతుంది.

ఆమె అద్దం ముందు కూర్చుని కనుబొమలు దిద్దుకుంటూ అడిగింది. "అక్కా, ఈ నోటు ఎవురు రాసింది?"

"నేనే."

"ఈ ఊర్లో మూడుసార్లు ఆడినాను ఈ నాటకం. గడప మాట ఎప్పుడూ లేదే."

"పాత బుక్కులో ఉండాది. మీకి ఏమనిపించినాది?"

ఆమె కాటుక పుల్ల ఆపింది. అద్దంలోనుంచే అమ్మను చూసింది. "తెలిసిపోయినాది కదా ఆయమ్మకి? మొగుడే అని."

నెలరోజుల తర్వాత అమ్మ ముఖంలో నవ్వు చూశాను. "నేను అదే చెప్పినాను. ఎవురికీ అర్థం కాలేదు."

"మొగోళ్ళకి చెప్పింటారు" అంది ఆమె. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. తర్వాత ఆమె, "ఇంగ ఏడుపు ఎట్లక్కా? ఏడ్చేదా, వద్దా?" అని అడిగింది. అమ్మ ఆలోచించి, "పద్యం పాడండి. కండ్లల్లో నీళ్ళు వద్దు" అంది. వెళ్ళేముందు ఆమె సీనరీవాళ్ళను పిలిచి, రంగులేసిన తలుపు తెర ముందు ఒక కట్టెపలక గడపలా అడ్డంగా వేయమంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ సీను వచ్చేసరికి తూరుపు తెల్లబడుతోంది. ఆడవాళ్ళమంతా ఒకవైపు చాపలమీద కూర్చున్నాం. నాయన కాషాయం కట్టుకుని, గడ్డం పెట్టుకుని వచ్చి దాహం పద్యం పాడాడు. బాగా పాడాడు. చెయ్యి చాచాడు. ఆమె చెంబు తెచ్చింది. ఆ చేతికి ఇవ్వలేదు. వంగి పలకకు లోపలివైపు పెట్టి, రెండడుగులు వెనక్కు జరిగి, నిటారుగా నిలబడి ఆయన్ను చూసింది.

నాయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

చాపల వెనకనుంచి ఒక ముసలామె గొంతు, "కనిపెట్టేసినాది రా!" అంది. అంతే, ఆడవాళ్ళంతా నవ్వారు. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచారు. అవతలివైపు, ఆ చెంబు మాట చెప్పి రోజూ నవ్విన మొగవాళ్ళే తలలు తిప్పి, "ఏమి? ఏమైనాది?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. నీళ్ళు తాగితేగాని తర్వాత పద్యం లేదు. మేష్టరు హార్మోనియం మీద అదే స్వరం మళ్ళీ మళ్ళీ తిప్పాడు. నాయన చివరికి పలక దాటి లోపలికి పోయి, వంగి, చెంబు ఎత్తుకున్నాడు. "ఏ సన్యాసి గడప దాటతాడప్పా?" అంది మళ్ళీ ఆ ముసలామె. ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

నీ భర్త చనిపోయాడు అని నాయన గబగబా అప్పజెప్పేశాడు. ఆమె పది పద్యాలూ ఆయన ముఖంలోకి సూటిగా చూసి పాడింది. కంట్లో చుక్క లేదు. ఆ సీనులో ఆడవాళ్ళ కొంగులు కళ్ళకు పోతాయని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆరోజు ఒక్క కొంగూ లేవలేదు. వెన్ను నిటారుగా పెట్టి విన్నారు. అమ్మ నా పక్కనే కూర్చుంది. ఆమె పెదాలు పద్యంతో కదులుతున్నాయి.

నేను నవ్వలేదని చెప్పాలి. నాకు ఆ గాలిలో చెయ్యే కనిపించింది. నా రాజు నాయనను చూసి ఊరంతా నవ్వుతోందని, దానికి కారణం నా పక్కన కూర్చున్న అమ్మేనని నాకు ఏడుపొచ్చింది. ఆ పదిహేనేళ్ళ పిల్లమీద కూడా నాకిప్పుడు కోపమే.

నాయన రంగు సగం కడుక్కుని ఇంటికి వచ్చాడు.

"ఊరందరి ముందర నన్ను నగుబాటు చేసినావు."

"రాసుండేది రాసినాను" అంది అమ్మ.

"నా బుక్కులో ఎందుకు రాయలే?"

"మీకి నోటితో చెప్పినాను కదండి. నవ్వినారు."

ఆయన చెయ్యి చేసుకోలేదు. మా చుట్టాలు ఈరోజుకూ చెబుతారు, అంత జరిగినా పెళ్ళాంమీద చెయ్యెత్తలేదు, దేవుడులాంటి మనిషి అని. కొట్టకపోతే చాలు, మా వైపు మొగవాడు దేవుడైపోతాడు. ఆయన ఏంచేశాడంటే, గూట్లోనుంచి ఆ పాత పుస్తకం తీసి తుండులో చుట్టి బయటికి తీసుకుపోయాడు. అది ఇంక అమ్మ కంటపడలేదు. ఆ ఆర్టిస్టును ఈ ఊరికి మళ్ళీ పిలవకూడదని నాటకం పెద్దలు తీర్మానించారు. ఆ మాట రాసింది ఎవరని వాళ్ళు అడగలేదు, ఆ సీనులో ఏం జరిగిందో కూడా వాళ్ళ పెళ్ళాలు చెబితే తెలిసింది. అయినా శిక్షకు మాత్రం ఆలస్యం కాలేదు.

మరునాడు సాయంత్రం నాయన ఫ్యాక్టరీనుంచి బస్సు దిగి వచ్చాడు. అమ్మ చెంబుతో ఎదురొచ్చి, ఆయన్ను గడప బయటే నిలబెట్టి నీళ్ళు చేతికిచ్చింది. ఆయన చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎందుకు ఇట్లా అని అడగలేదు. అడిగితే దాని అర్థం తెలుసని ఒప్పుకోవాలి. ఆ రోజునుంచి ఈ రోజుదాకా అమ్మ చేతికే ఇస్తుంది, ఆయన బయటే నిలబడి తాగి లోపలికి వస్తాడు. చూసినవాళ్ళు ఎంత మర్యాద అనుకుంటారు.

ఇక నేను చేసిన పని. అసలు నా కోపం ఎక్కువగా దీనిమీదే.

మరుసటి ఏడు జాతర దగ్గరపడింది. రాణి వేషం ఊళ్ళోనే ఒక మొగవాడికి ఇచ్చారు. రాణి నోటు పుస్తకం ఆ ఆర్టిస్టుతోనే పోయింది, కొత్తది రాయాలి. అమ్మను అడగడానికి నాయనకు నోరు రాలేదు. కాని అమ్మ అంతకుముందు వేసవి సెలవుల్లో నాకు తెలుగు అక్షరాలు నేర్పించింది. తడబడుతూ చదవగలను. నాయన ఒకరోజు, అమ్మ లక్కూరులో పిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు, ఆ పాత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు.

"పాపా, నాటకం మొత్తము కన్నడలో ఒకే బుక్కుగా రాసియ్యి. ఇంగ ఈ పాతదానితో పనే ఉండకూడదు. ఆ ఒక్క లైను మాత్రము వద్దు."

ఆయన బతిమాలుకున్నట్టు అడిగాడు. ఫ్యాక్టరీలో చిన్నవాణ్ణి సార్ అనే గొంతు అదేనేమో అనిపించింది. నాకు ఆయన మళ్ళీ రాజు కావాలి. ఒక్క లైనే కదా అనుకున్నాను. నా క్లాసులో పిల్లలు ఇప్పుడు అనేది అప్పుడు నేను నాతో అనుకున్నాను. అమ్మ తిరిగి వచ్చేలోగా రాత్రీ పగలూ కూర్చుని రాశాను. దాహం అన్న మాట తర్వాత, నీళ్ళు తాగిన సన్యాసి మాట రాశాను. మధ్యలో ఏమీ లేదు. నా చేతిరాత బాగుందని నాయన తల నిమిరాడు.

పాత పుస్తకాన్ని మేష్టరు భద్రంగా పెడతానని తన ఊరికి తీసుకుపోయాడు. చెదలు తిన్నాయని ఒకసారి, ఎవరికో ఇచ్చానని ఇంకోసారి చెప్పాడు. ఇప్పుడు ఆ నాటకానికి మిగిలింది నేను రాసిన పుస్తకం ఒక్కటే. దాన్ని జిరాక్సు తీసి చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఆడుతున్నారు. మొదటి పేజీలో నాయన పేరు ఉంటుంది, ఆయన కాపాడిన నాటకమని. రెండేళ్ళ కింద ఒక ఊళ్ళో వెళ్ళి చూశాను. రాణి నీళ్ళు చేతికిచ్చింది. పది పద్యాలు గుండెలు బాదుకుని ఏడ్చింది. నా పక్కన ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. లేచి కేకవేయాలనిపించింది. అది ఏడుపు కాదమ్మా, ఆమెకు అంతా తెలుసు, మిమ్మల్ని మోసం చేశారు అని. ఎవరు మోసం చేశారు అని అడిగితే ఏం చెప్పను? లేచి వచ్చేశాను.

నేను రాయడం ముగించిన రోజే సాయంత్రం అమ్మ లక్కూరునుంచి వచ్చింది. పుస్తకం బల్లమీద ఉంది. దాచాలని కూడా నాకు తోచలేదు, మెచ్చుకుంటుందనే అనుకున్నానేమో. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి దాన్ని తెరిచింది. మొదటినుంచి చదవలేదు. సూటిగా ఆ సీను దగ్గరికి పోయింది. రెండు మాటల మధ్య వేలు పెట్టి చాలాసేపు అక్కడే చూసింది.

"నాయన వద్దన్నాడు" అన్నాను.

అమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పుస్తకం మూసి, తీసిన చోటే పెట్టింది.

"వాళ్ళకి ఆ అక్షరాలు రావు పాపా" అంది. "నీకి నేర్పించింది నేనే కదా."